వేడి చేసిందంతే

నా భార్య జ్వరంతో పోయింది. ఆ జ్వరాన్ని పట్టుకోవలసిన మనిషి మా గుమ్మంలోకి వచ్చి, ఒక మాట అడిగి, ఒక మాట విని, వెళ్ళిపోయింది. ఆ మనిషి నా తమ్ముడి భార్య. ఇది జరిగింది. ఇందులో కొత్తగా తేల్చవలసిందేమీ లేదు.

మాది సైకిల్ రిపేరు షాపు. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. మా నాన్న కట్టిన ఇంటిని నేనూ తమ్ముడూ సగం సగం చేసుకున్నాం. మధ్యలో గోడ పెట్టాం. గోడ కప్పు దాకా వెళ్ళదు. పైన మూరెడు ఖాళీ వదిలాం, గాలి ఆడాలని. గాలితో పాటు మాటలు కూడా ఆడతాయి. ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది. అటు గిన్నె కింద పడితే ఇటు ఎవరి చేతిలోంచి పడిందో కూడా తెలిసిపోతుంది.

తమ్ముడు నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. వాడి భార్య ఊరికి ఆరోగ్య కార్యకర్త. మా ఊళ్ళో దోమలకు కొదవ లేదు. వర్షాలు పడ్డాక ఊరి చుట్టూ ఎక్కడ గొయ్యి ఉంటే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. ఆసుపత్రి దూరం. అందుకని ఊళ్ళోనే ఒకామెకు శిక్షణ ఇచ్చి, ఒక సంచీ ఇచ్చారు. సంచీలో థర్మామీటరు, వేలు పొడిచే సూదులు, రక్తపు చుక్క వేసి చూసే పట్టీలు, మాత్రలు ఉంటాయి. ఇంటింటికీ వెళ్ళి జ్వరాలు కనిపెట్టడం ఆమె పని. మలేరియా అని తేలితే అక్కడికక్కడే మాత్రలు మింగించాలి. ముదిరితే ఆసుపత్రికి పంపాలి. అంతే పని. కష్టమైనది కాదనను. కానీ ఒప్పుకున్న పని.

ఆ రోజు నేను షాపులో ఒక సైకిల్ చక్రం వంకర తీస్తున్నాను. నా భార్య గుమ్మంలో కూర్చుని ట్యూబుకు గరుకు కాగితం రుద్దుతోంది. పంక్చర్లు వేయడంలో నాకంటే తన చెయ్యి మంచిది. మరదలు సంచీ భుజాన వేసుకుని వచ్చింది.

"అక్కా, ఏంటి అలా వాలిపోయి కూర్చున్నావు? జ్వరమా?"

"జ్వరం లేదు, గిరం లేదు. వేడి చేసిందంతే. నిన్న ఎండలో తిరిగానుగా."

"నిమ్మకాయ నీళ్ళు తాగు మరి. చక్కెర వేసుకోకు."

"సరేలేవే, పెద్ద డాక్టరమ్మవి."

ఇద్దరూ నవ్వుకున్నారు. మరదలు పక్కింటికి వెళ్ళిపోయింది. సంచీలో థర్మామీటరు సంచీలోనే ఉంది.

మా దగ్గర జ్వరం వేరు, వేడి చేయడం వేరు. కళ్ళు మండితే వేడి చేసింది. నోట్లో పొక్కితే వేడి చేసింది. ఒంటేలుకు మంట పుట్టినా, నిద్ర పట్టకపోయినా, పెదవి పగిలినా వేడి చేసింది. జ్వరం వచ్చినవాళ్ళు మంచమెక్కుతారు. వేడి చేసినవాళ్ళు పని చేసుకుంటూనే ఉంటారు. మంచమెక్కడానికి తీరిక లేని ఆడవాళ్ళకు జ్వరం రాదు, వేడే చేస్తుంది. ఎక్కడివాళ్ళో పరాయి భాషవాళ్ళు వచ్చి ఉంటే ఈ మాట అర్థం కాక ఒంటి మీద చెయ్యి వేసి చూసేవాళ్ళు. మరదలు మా మనిషి. మాట వినగానే అర్థమైపోయింది. అర్థం కావడమే కొంప ముంచింది.

తరువాత ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక ఉదయం నా భార్య మంచం మీద నుంచి లేవబోయి నన్నే "ఎవరు మీరు?" అని అడిగింది. దొరికిన బండిలో ఆసుపత్రికి తీసుకుపోయాం. జ్వరం మెదడుకు ఎక్కిందన్నారు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని డాక్టరు నన్ను అడిగాడు.  దానికి జవాబు చెప్పవలసిన మనిషి నా వెనకే నిలబడి ఉంది. మరునాటికి ఖాళీ బండి ఇంటికి పంపి, శవాన్ని తేవడానికి వేరే బండి మాట్లాడుకోవలసి వచ్చింది.

గోడకు అప్పట్లో మధ్యలో ఒక తలుపు ఉండేది. పొయ్యి దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి తోటికోడళ్ళిద్దరూ దానిలోంచే తిరిగేవాళ్ళు. నెల తిరగకముందే దాన్ని ఇటుకలతో మూయించాను. పైన ఖాళీ కూడా మూయిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు.

"నన్ను ఉడకబెట్టి చంపుతావా ఏంట్రా? నీ కోపానికి నా ఊపిరి ఎందుకు ఆపుతావు?"

అమ్మ నా వైపే ఉంటుంది. పడక నా దగ్గర, కబుర్లు అక్కడ. తలుపు మూశాక వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళవలసి వచ్చిందని నన్ను తిట్టని రోజు లేదు.

తమ్ముడు ఒకసారి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. చేతిలో గ్రీజు గుడ్డ నలుపుతూ చాలాసేపు నసిగాడు.

"అన్నయ్యా, అది కావాలని చేసిందా? వదినంటే దానికి ప్రాణం. నీకూ తెలుసు."

"తెలుసు."

"వదినే జ్వరం కాదంటే అదేం చేస్తుంది? ఆ మాట నువ్వూ విన్నావుగా. నువ్వూ వేడేననుకున్నావుగా?"

"నేను సైకిళ్ళు బాగుచేసేవాణ్ణి. నాకు సంచీ ఇవ్వలేదు."

వాడు లేచి వెళ్ళిపోయాడు. ఆ జవాబు ఇప్పటికీ నాకు సరైనదే. సైకిల్ తెచ్చినవాడు వాల్వు దగ్గర గాలి పోతోందంటాడు. ఒకడు ముల్లంటాడు. ఒకడు, ఏమీ లేదు, గాలి కొడితే చాలంటాడు. నేను ఎవడి మాటా వినను. ట్యూబు తీసి తొట్టిలో ముంచుతాను. బుడగ ఎక్కడ వస్తే పంక్చరు అక్కడ. నోటిమాట మీద ఏ రోజూ పని చేయలేదు. ఇనుప సామాను దగ్గరే నాకు ఇంత జాగ్రత్త ఉంటే, మనిషి ప్రాణం దగ్గర ఆమెకు ఎంత ఉండాలి?

ఊళ్ళో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకుపోయామనే అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. చెబితే నా మీద జాలిపడతారు. ఆ జాలి అక్కడితో ఆగదు, కాసేపటికి ఆమె మీద కూడా జాలిపడతారు. నాకది ఇష్టం లేదు.

మరదలితో మాట మానేశాను. చెప్పవలసినవి ఏవైనా ఉంటే గోడతో చెబుతాను. "కుళాయి నీళ్ళు వస్తున్నాయి, పట్టుకునేవాళ్ళు పట్టుకోవచ్చు" అంటాను. గోడ అవతల బిందె చప్పుడవుతుంది. నా గడప దాటకూడదని కూడా అలాగే చెప్పాను. మళ్ళీ ఎప్పుడూ దాటలేదు.

అయితే ఆమె పని తీరు మారింది. ఇది ఊరంతా చూసింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

ఆమె అడగడం మానేసింది. ఇంటి ముందు నిలబడి "జ్వరమా?" అని అడిగే మనిషి, ఇప్పుడు ఉలుకూ పలుకూ లేకుండా వచ్చి థర్మామీటరు చంకలో పెట్టేస్తుంది. కాస్త వెచ్చగా ఉన్నా వేలు పొడుస్తుంది. చల్లగా ఉన్నా, మొహం వాడినట్టు కనిపిస్తే పొడుస్తుంది. నాకేం లేదంటే అసలు వదలదు. ఊళ్ళోవాళ్ళు ఆమె పేరు మరిచిపోయి సూదక్క అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె వీధి మలుపు తిరిగితే చాలు, అరుగుల మీద ఆడవాళ్ళ నవ్వులు.

"సూదక్క వస్తోందే, వేళ్ళు దాచుకోండి!"

"దాచుకుంటే కాలి వేలు పొడుస్తుందట. మొన్న మా ఆయనకి అలాగే అయింది."

"మీ ఆయనకి రక్తం వచ్చిందా? నాకు తెలిసి ఆయన ఒంట్లో ఉండేది సారానేగా."

నవ్వితే నవ్వనీ అన్నట్టు ఆమె తన పని చేసుకుపోయేది. తడి దూదితో వేలు తుడవడం, పొడవడం, చుక్క పట్టీ మీద వేయడం, మందు చుక్కలు వేయడం, కూర్చోవడం. ఒక గీత వస్తే సంచీ సర్దుకుని పోతుంది. రెండు గీతలు వస్తే మాత్రలు తీస్తుంది. ఆ మాత్రలు చేతికివ్వదు. నోట్లో వేసుకుని మింగి, నోరు తెరిచి చూపించేదాకా కదలదు.

వారానికోసారి నా షాపు ముందుకు కూడా వచ్చేది. గడప దాటదు, షాపు ముందు నా పంక్చరు తొట్టి ఉంటుందిగా, దాని కోసం. నీళ్ళు నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయట. ఆమె వంగి తొట్టిని బోర్లించేది. నేను మాట్లాడకుండా లేచి దాన్ని తిప్పి, కొత్త నీళ్ళు నింపుకునేవాణ్ణి. మా ఇద్దరి మధ్య మిగిలిన సంబంధం ఆ తొట్టే.

ఇలా రెండు వర్షాకాలాలు గడిచాయి. మూడోదానిలో కిరాణా కొట్టాయన సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. వెనక చక్రంలో గాలి లేదు. ఆయన మొహంలో మాత్రం బాగానే ఉంది.

"బావా, నీకు ఒక శుభవార్త."

ఆయన నాకు చుట్టమేమీ కాదు. పని ఉన్నప్పుడు అందరినీ బావా అంటాడు.

"గాలి పోయింది ఎప్పుడు?" అన్నాను.

"అది తరువాత. ముందు ఇది విను. మీ సూదక్క నిన్న మా కోడల్ని పొడిచింది. కోడలు నిక్షేపంగా ఉంది. పకపకా నవ్వుతోంది. నవ్వుతున్న పిల్లని పట్టుకుని పొడవడమేంటయ్యా? అడిగితే, నేను అడగనండీ, చూస్తానండీ, అంటుంది! మేమేమైనా మెత్తటి దిండ్లమా, వచ్చినప్పుడల్లా గుచ్చడానికి?"

"పొడిస్తే ఏం వచ్చింది?"

"ఏమొస్తుంది? ఒక గీత వచ్చింది. లేదుగా మరి!"

నేను ట్యూబు తొట్టిలో ముంచాను. ఆయన బల్ల మీద నాకు దగ్గరగా జరిగాడు.

"విను. వచ్చే వారం పెద్ద సూపర్‌వైజరమ్మ వస్తోంది. బడిలో మీటింగు. ఈవిడ పట్టీలన్నీ ఇలా తగలేస్తోందని పైకి కూడా తెలిసిందట. మేం పది మందిమీ చెప్పడం వేరు. నువ్వు చెప్పడం వేరు. ఇంట్లో మనిషివి. పైగా నీ భార్య..." అని ఆగి, నా మొహం చూసి, మిగతాది మింగేశాడు. "ఆమె తీరు బాగాలేదని నువ్వొక్క మాటంటే చాలు. తీసేస్తారు. పక్క ఊరి ఆమె వారానికి ఒకరోజు వచ్చి చూసుకుంటుంది."

తొట్టిలో బుడగ వచ్చింది. ట్యూబు మీద వేలు పెట్టి పట్టుకున్నాను.

"మీటింగుకు వస్తాను" అన్నాను.

"అదీ మాట!"

గోడ అవతల ఏ చప్పుడూ లేదు. అంటే విన్నదన్నమాట.

నాకు సంతోషంగానే ఉంది. దాచడమెందుకు? ఇన్నాళ్ళూ ఆ సంచీ ఆమె భుజాన చూసినప్పుడల్లా కడుపు మండేది. ఇప్పుడది దిగుతుంది. నేను దించుతాను. ఏమని చెప్పాలో చక్రం తిప్పుతూ రెండు మూడు రకాలుగా అనుకున్నాను కూడా.

మీటింగుకు ఇంకా మూడు రోజులుందనగా, ఉదయం షాపు తెరుస్తుంటే వెనక గదిలోంచి అమ్మ పిలిచింది.

"పెద్దోడా, కాసిని చల్లటి నీళ్ళు తేరా. ఒళ్ళంతా వేడి చేసింది."

గోడ అవతల ఏదో గిన్నె పడింది. పడినదాన్ని ఎవరూ తీయలేదు. తలుపు తీసిన చప్పుడు, వీధిలో చెప్పుల చప్పుడు. ఆ చప్పుడు విని నేను నీళ్ళ గ్లాసుతోనే ముందు గదిలోకి వచ్చేసరికి మరదలు గడప అవతల సంచీతో నిలబడి ఉంది. తల కూడా దువ్వుకోలేదు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. షాపు గుమ్మం ఇరుకు. ఒక పక్కన రిపేరుకొచ్చిన సైకిల్, ఇంకో పక్కన నేను.

"బావగారూ, తప్పుకోండి. అత్తయ్యని చూడాలి."

నేను సైకిల్‌తో చెప్పాను. "ఈ గడప దాటకూడదని ఒకసారి చెప్పాను."

"చెప్పారు. నేనూ దాటను. మీరే అత్తయ్యని బయటికి తీసుకురండి. అరుగు మీద చూస్తాను."

నేను కదలలేదు. ఆమె కూడా కదలలేదు. ఆమె గొంతు పెద్దది కాదు. ఆ రోజూ పెద్దది చేయలేదు.

"తీసుకురాకపోతే ఇక్కడే కూర్చుంటాను. మీటింగు రోజు దాకా కూర్చుంటాను. ఈ సంచీ నా దగ్గర ఉన్నంతసేపూ ఇది నా పని."

లోపలి నుంచి అమ్మ అరిచింది. "అక్కడేం గుసగుసలు? నీళ్ళు అడిగితే బావి తవ్వుతున్నావా?"

నేను లోపలికి వెళ్ళి అమ్మను ఎత్తుకున్నాను. ఆమె బరువు ఎంత, పాత సైకిలంత. ఒళ్ళు నా చేతులకు తగలగానే తెలిసింది. ఎండలో పెట్టిన ఇనుములా ఉంది. తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టాను.

"నన్నెందుకురా వీధిలో పెడుతున్నావు? అమ్మేస్తున్నావా?" అని, మరదల్ని చూసి, "ఓహో, సూదక్కా నువ్వా! పోవే, నాకు జ్వరం లేదు గిరం లేదు. వేడి చేసిందంతే."

"నేను అడగలేదు అత్తయ్యా," అంది మరదలు.

థర్మామీటరు పెట్టింది. చూసింది. ఎంతో చెప్పలేదు. దూది తీసింది. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎడమ చెయ్యి పొడువు. కుడి చేత్తో తినాలి."

"ఎడమదే ఇవ్వండి."

"నీ పెళ్ళిలో నీకు ఉంగరం తొడిగాను. ఇప్పుడు నువ్వేమో నా వేలు పొడుస్తున్నావు. కలికాలమే!"

చుక్క వచ్చింది. పట్టీ మీద వేసింది. మందు చుక్కలు వేసి అరుగు మీద పెట్టింది. ముగ్గురం దాని వైపే చూస్తూ కూర్చున్నాం. నేను కూర్చోలేదు, నిలబడ్డాను. వీధిలో పోయేవాళ్ళు చూశారు. సూదక్క, నేను ఒకే అరుగు దగ్గర ఉండడం వాళ్ళకు వింత. మొదటి గీత వచ్చింది. కాసేపటికి దాని పక్కన ఇంకొకటి సన్నగా తేలి, ముదిరింది.

మరదలు పట్టీని ఎత్తి, రెండోసారి చూసుకుని, మళ్ళీ అరుగు మీద పెట్టింది. అది నేను చూశాను. చూడలేదని చెప్పను.

"ఏమైనా తిన్నారా అత్తయ్యా?"

"వీడు నీళ్ళే ఇవ్వలేదు, తిండొకటా!"

తన ఇంట్లోంచి జావ తెచ్చి తాగించింది. మాత్రలు తీసి లెక్కగా చేతిలో పెట్టింది. అమ్మ మింగి నోరు తెరిచింది. "చూసుకో. పళ్ళు కూడా లెక్కపెట్టుకో, ఎక్కువ సేపు పట్టదు." మరదలు నిజంగానే వంగి చూసింది. లేచి, నా వైపు కాకుండా సైకిల్ వైపు తిరిగి చెప్పింది.

"మాత్రలు వాంతి చేసుకుంటే వెంటనే పిలవాలి. మాట తడబడినా, మగతగా ఉన్నా నా కోసం చూడకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. సాయంత్రం మళ్ళీ వస్తాను. అరుగు మీదికి తేవాలి."

సైకిల్‌తో మాట్లాడడం నా దగ్గర నేర్చుకుంది.

రోజూ వచ్చింది. రోజూ నేను అమ్మను ఎత్తి తెచ్చాను. మాత్రలు అయ్యేసరికి అమ్మ తనంతట తనే నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్ళ సంగతులన్నీ అడగడం మొదలుపెట్టింది. నేను మరదలికి ఒక్క మాట చెప్పలేదు. ఆమె ఎదురుచూడనూ లేదు.

మాత్రలు అయిన మరునాడే మీటింగు. మధ్యాహ్నం బడి వదిలాక పెద్ద తరగతి గదిలో పెట్టారు. పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. సూపర్‌వైజరమ్మ మాస్టారి కుర్చీలో కూర్చుంది. నడివయసు మనిషి, కళ్ళజోడు, స్కూటరు మీద వచ్చిన దుమ్ము మొహం మీద అలాగే ఉంది. మరదలు నల్లబల్ల పక్కన నిలబడింది. సంచీ భుజానే ఉంది. తమ్ముడు వెనక కిటికీ దగ్గర నిలబడ్డాడు.

సూపర్‌వైజరమ్మ గట్టిగా మాట్లాడలేదు. చెడ్డ మనిషి కాదు.

"చూడండి, ఆమె పని చేయడం లేదని కాదు నా ఇబ్బంది. ఎక్కువ చేస్తోంది. మాకు వచ్చే పట్టీలు ఇన్నే. వాటినే అన్ని ఊళ్ళకూ సర్దాలి. జ్వరం లేదన్నవాళ్ళకి కూడా పరీక్ష చేస్తే, రేపు వానల్లో నిజంగా జ్వరం వచ్చినవాళ్ళకి నేనేం పెట్టి చూడాలి? జ్వరముందా అని అడగండి, ఉందంటేనే చేయండి, అని శిక్షణలో చెప్పాం. ఎందుకు అడగడం లేదమ్మా?"

మరదలు నేల వైపు చూస్తూ ఉంది. "అడిగితే చెప్పరండీ" అంది. అంతకు మించి చెప్పలేదు.

కొట్టాయన లేచాడు. "చెప్పకపోవడమేంటండీ? మాకు నోళ్ళు లేవా? మా కోడలు చిలక్కి చెప్పినట్టు చెప్పింది, ఏం లేదని! అయినా పొడిచింది." గదిలో నవ్వులు. "ఇలా అయితే మా ఊళ్ళో వేళ్ళన్నీ జల్లెళ్ళయిపోతాయి. మార్చేయండి. ఇదిగో, ఈయన ఆమెకి స్వయానా బావగారు. ఆయన నోటితోనే వినండి. ఇంటి మనిషే ఏమంటాడో చూడండి."

అందరూ నా వైపు తిరిగారు. నేను బెంచీలోంచి బయటపడడానికే కొంత సమయం పట్టింది. చక్రం తిప్పుతూ అనుకున్న మాటలు నాకు గుర్తే ఉన్నాయి. వాటిలో ఒకటీ అబద్ధం కాదు. అందుకే వాటినే చెప్పాను.

"ఈ ఆరోగ్య కార్యకర్త నా భార్యను చూడడానికి వచ్చింది. జ్వరమా అని అడిగింది. శిక్షణలో చెప్పినట్టే అడిగింది. నా భార్య, జ్వరం కాదు, వేడి చేసిందంతే, అంది. ఈమె విని వెళ్ళిపోయింది. ఒంటి మీద చెయ్యి వేయలేదు. పొడవలేదు. నా భార్య పోయింది."

గదిలో నవ్వు ఆగిపోయింది. మరదలు తల ఎత్తలేదు. తమ్ముడు "అన్నయ్యా" అన్నాడు. నేను ఆగలేదు.

"ఇది ఈమె తప్పు. నేను మరవను. నన్ను మరవమని ఎవరూ అడగొద్దు. ఇప్పుడు ఈమె అడగడం లేదు. మొన్న మా అమ్మ కూడా అదే మాటంది, వేడి చేసిందంతే అని. ఈమె వినలేదు. పొడిచింది. రెండు గీతలు. మా అమ్మ ఇప్పుడు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తిడుతోంది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఈమెను తీసేయండి. నాకేం బాధ లేదు. కొత్త మనిషి వస్తుంది. కొత్త మనిషి అడుగుతుంది. ఈ గదిలో ఉన్నవాళ్ళందరూ వేడి చేసిందనే చెబుతారు. మా ఇంట్లో ఆడవాళ్ళు చెప్పారు, మీ ఇంట్లో ఆడవాళ్ళూ చెబుతారు. నాకు జ్వరం వచ్చిందని ఏ ఆడమనిషైనా పొయ్యి వదిలి మంచమెక్కి మీతో చెప్పిందా ఎప్పుడైనా? కొత్త మనిషి విని వెళ్ళిపోతుంది. అప్పుడు పోయేది మళ్ళీ నా భార్య లాంటిదే."

కొట్టాయన మెల్లగా బెంచీలో కూర్చున్నాడు.

"నేను సైకిల్‌ని ఎక్కడ నొప్పి అని అడగను. నీళ్ళలో ముంచుతాను. అంతే."

కూర్చున్నాను. మోకాలు బెంచీకి కొట్టుకుంది.

 తరువాత వెనక వరసలోంచి ఒక ముసలామె లేచింది. "మా రెండో కోడలు కూడా అలాగే అంది, పోయినేడు. వేడి చేసిందని. సూదక్క పొడిస్తేనే తేలింది" అంది. ఇంకొకామె, "నేనూ అన్నాను" అంది. ఇంకా ఒకరిద్దరు. కొట్టాయన కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె మామగారి వైపు చూడకుండా, నాకు నిజంగా ఏం లేదు గానీ, పొడిచినందుకు ఏం పోలేదులెండి అంది.

సూపర్‌వైజరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"వేడి చేసిందని మా అమ్మ కూడా అంటుంది" అంది, తనలో తను అనుకున్నట్టు. తరువాత మరదలి వైపు తిరిగింది. "అందరినీ పొడవొద్దు. అన్ని పట్టీలు నేను తేలేను. కానీ అడగడం మానెయ్యి. అందరికీ థర్మామీటరు పెట్టు. ఒళ్ళు వెచ్చగా ఉన్నా, రెండు రోజులుగా వేడి చేసిందని ఎవరన్నా, అప్పుడు పొడువు. మిగతా కార్యకర్తలకి కూడా ఈ మాట నేను చెబుతాను. ఇక్కడితో సరే కదా?"

మరదలు తల ఊపింది. సంచీ పట్టీని రెండు చేతులతో పట్టుకుంది. పడిపోకుండా పట్టుకున్నట్టుగా ఉంది.

బయట కొట్టాయన నన్ను ఆపాడు. "ఇదేంటి బావా, నాతో ఒకటి చెప్పి లోపల ఇంకోటి చెప్పావు?"

"వస్తానన్నాను. వచ్చాను."

"తిట్టావో పొగిడావో కూడా తెలియలేదు పో!"

"నీ చక్రానికి ఇంకో పంక్చరుంది. గాలి కొట్టించి ఊరుకోకు."

షాపుకు వచ్చేసరికి చీకటి పడలేదు. కాసేపటికి తమ్ముడు వచ్చాడు. బల్ల మీద కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నయ్యా, నువ్వు ఇవాళ..."

"నీ కోసం కాదు. ఆమె కోసం అసలే కాదు."

"తెలుసు. అయినా... ఆ ఇటుకలు తీసేద్దామా? అమ్మ చుట్టూ తిరిగి రాలేకపోతోంది."

"అమ్మ నడవలేకపోతే నేను ఎత్తుకు తెస్తాను. ఇటుకలు అలాగే ఉంటాయి."

 వాడు వెళ్ళిపోయాడు. వెనక గదిలోంచి అమ్మ నన్ను మొండిఘటమంది, రాయంది, ఇంకా ఏవో అంది. గోడ అవతల ఎవరో ఏడుస్తున్నారు. కొంగు నోట్లో కుక్కుకున్నా వినిపిస్తుంది. గోడ కప్పు దాకా లేదుగా. నేను రేడియో పెట్టాను.

మరునాడు ఆమె తొట్టి బోర్లించడానికి వచ్చింది. వంగి బోర్లించింది. లేచి ఒక క్షణం ఆగింది. ఏదో చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. మంచిదైంది. నేను తొట్టి తిప్పి నీళ్ళు నింపుకున్నాను.

ఇప్పుడు ఊళ్ళోవాళ్ళు నా దగ్గరికి వచ్చి, ఆ రోజు అసలు ఏం జరిగిందని మెల్లగా కదుపుతున్నారు. కొందరు ఆమెను క్షమించేశావుగా అంటున్నారు. కొందరు పాపం అంటున్నారు, ఎవరి గురించో తెలియదు. క్షమించలేదు. నలుగురి ముందు ఒకసారి చెప్పాను. ఇక్కడ ఒకసారి రాశాను. దీన్ని గురించి ఇంకెప్పుడూ, ఎవరితోనూ, గోడతో కూడా, మాట్లాడను.